గగనమార్గముల హక్కులు: జె. ఆర్. డి. టాటాగారి జీవితము

హైదరాబాదు-విజయవాడ రాజమార్గముపై కట్టంగూరు కడ నిలిచి చూచినచో శంషాబాదు విమానాశ్రయమునకు పోవు కుటుంబముల కార్లు కనబడుచుండును. ఒకరి కుమారుడు అమెరికాకు చదువబోవుచుండును. మరియొకరి తమ్ముడు గల్ఫునకు కూలికి పోవుచుండును. వారి చేతిలోని టిక్కెట్టు తరచుగా దుబాయి, దోహా, అబూధాబీలకు చెందిన సంస్థలది. ఆ సంస్థలు మన ప్రయాణికుని తమ నగరమునకు చేర్చి, అచట విమానము మార్పించి, వేరొక దేశమునకు గొనిపోవుచున్నవి. తమకు మరిన్ని సీట్లు కావలెనని మన ప్రభుత్వమును పలుమార్లు కోరియున్నవి. పరదేశపు విమానము రెండు అన్యదేశముల నడుమ జనమును మోయవచ్చునా, మోసినచో ఎంతమేరకు అను వివాదము నేడు పుట్టినది కాదు. దాని పూర్వకథ చాలవరకు జె. ఆర్. డి. టాటాగారి జీవితకథతో పెనవేసికొని యున్నది.

జహంగీర్ రతన్‌జీ దాదాభాయి టాటాగారు 1904 జూలై 29వ తేదీన పారిసు నగరమున జన్మించిరి. తండ్రి పార్సీ వర్తకుడు; తల్లి సుజాన్ బ్రియేర్ ఫ్రెంచి వనిత. ఇంగ్లీషు కాలువను మొదట విమానముపై దాటిన బ్లేరియో కుటుంబము వేసవి కాలమున వీరికి పొరుగు. సముద్రతీరపు ఇసుకపై దిగు విమానములను చూచి బాలుడు మోహపడెను. యౌవనమున ఫ్రెంచి సైన్యమున ఒక యేడు కొలువు చేసి, 1925లో బొంబాయి చేరి, జీతము లేని శిష్యుడుగా టాటా సంస్థలో ప్రవేశించిరి. 1929 ఫిబ్రవరి 10న ఈ దేశమున ఇచ్చిన మొదటి వైమానిక అనుమతిపత్రము వారికి లభించెను. ఫ్రెంచి పౌరసత్వమును వదలుకొనినది కూడ ఆ యేడే.

ఆ సంవత్సరమే భారత, ఇంగ్లండు దేశముల నడుమ ఒంటరిగా ఎగిరిన భారతీయునికి ఆగాఖాను బహుమానము ప్రకటించెను. మరుసటి సంవత్సరము టాటాగారు కరాచీ నుండి పడమరకు పోవుచుండ, అస్పీ ఇంజినీరు అను బాలుడు ఇంగ్లండు నుండి తూర్పునకు వచ్చుచుండెను. ఈజిప్టులో ఇరువురు కలిసిరి. ఆ పిల్లవానికి స్పార్కుప్లగ్గులు కొరవడినవని తెలిసి టాటాగారు తమవి ఇచ్చి పంపిరి. బహుమానము కొలది గంటల తేడాతో అస్పీకే దక్కెను. అతడు తరువాత మన వాయుసేనాధిపతి యయ్యెను.

ఆ కాలమున అంతర్జాతీయ మార్గము మనది కాదు. లండను నుండి కరాచీవరకు తపాలా మోయు అధికారము ఇంపీరియల్ ఎయిర్‌వేస్ అను బ్రిటిషు సంస్థది. కరాచీలో దింపిన సంచులను లోనికి చేర్చు పనికి, వైమానికుడు నెవిల్ విన్సెంటుతో కూడి, టాటాగారు పూనుకొనిరి. ప్రభుత్వము ధనసహాయము నిరాకరించెను. సహాయము లేకయే నడపెదమని వీరు ఒప్పుకొనిరి. 1932 అక్టోబరు 15న చిన్న పుస్ మాత్ విమానమున టాటాగారు కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరిరి. అహమ్మదాబాదున పెట్రోలు డబ్బాలు ఎడ్లబండిపై వచ్చినవట! బొంబాయి నుండి విన్సెంటు దత్తమండలములలోని బళ్ళారి మీదుగా మద్రాసునకు తపాలా చేర్చెను. జుహూ మైదానము వానకాలమున నీట మునుగుచుండుటచే అప్పుడు మకాము పూనాకు మార్చెడివారు. మొదటి యేట 1,60,000 మైళ్ళు ఎగిరి, 155 మంది ప్రయాణికులను మోసి, అరువది వేల రూపాయల లాభము తీసిరి. కాని కరాచీకి ఆవల అడుగు పెట్టుటకు వీరికి తోవ లేదు. 1933లో భారతదేశము మీదుగా తూర్పునకు పోవు మార్గమునకై ఏర్పడిన ట్రాన్స్‌కాంటినెంటల్ సంస్థలో సయితము నూటికి 51 వంతులు ఇంపీరియల్ వారివే. పరాధీనమైన జాతికి తన నెత్తిపైనున్న ఆకాశము కూడ తనది కాదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

యుద్ధాంతమున ఈ ఆకాశపు హక్కులను పంచుకొనుటకు 1944లో చికాగో నగరమున 52 దేశముల ప్రతినిధులు సమావేశమైరి. అచట అయిదు స్వాతంత్ర్యములు నిర్వచింపబడెను. ఒక దేశముపై దిగక ఎగిరిపోవుట మొదటిది. పెట్రోలు నిమిత్తము దిగుట రెండవది. స్వదేశము నుండి జనమును గొనిపోవుట మూడవది. స్వదేశమునకు తెచ్చుకొనుట నాలుగవది. దారిలో ఒక పరదేశమున ఎక్కినవానిని మరియొక పరదేశమున దింపి ఛార్జీ పుచ్చుకొనుట అయిదవది. సూర్యాపేట బస్సు కట్టంగూరున ఎక్కినవానిని చౌటుప్పలున దింపినట్లన్నమాట. ఆ నడిమి ఊళ్ళ బస్సువాడు ఏమగునన్నదే తగవు. విమానములు పుష్కలముగానున్న అమెరికా ఈ అయిదవది అందరికిని ఉండవలెననెను, బ్రిటను వలదనెను. తుదకు రెండేసి దేశములు బేరమాడుకొనవలసి వచ్చెను. మనకును అమెరికాకును 1946 నవంబరున ఒడంబడిక కుదిరెను.

ఈ సూత్రములు కాగితముపై నున్నంత మాత్రమున ఏమగునో మన తెలంగాణమునకు 1948లో తెలియవచ్చెను. సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు భారత ప్రభుత్వపు అనుమతి లేకయే కరాచీ నుండి మన ఆకాశమును దాటి నిజాం ప్రభుత్వమునకు ఆయుధములు చేరవేసెను. రజాకార్ల తాకిడికి నల్లగొండ పల్లెలు అలమటించుచున్న దినములవి. చిత్రమేమన, అదే నిజాం ప్రభుత్వము 1945లో టాటావారితో కూడి బేగంపేట కేంద్రముగా దక్కన్ ఎయిర్‌వేస్ స్థాపించెను. మదరాసు, నాగపూరు, ఢిల్లీలకు దాని డకోటా విమానములు సక్రమముగా నడచినవి.

స్వాతంత్ర్యము వచ్చిన రెండు నెలలకే టాటాగారు పరదేశములకు పోవు సంస్థకై ప్రభుత్వముతో ప్రస్తావన చేసిరి. ప్రభుత్వమునకు నూటికి 49 వంతులు గల ఎయిరిండియా ఇంటర్నేషనల్ 1948 మార్చిలో వెలసెను. జూన్ 8న మలబార్ ప్రిన్సెస్ అను విమానము బొంబాయి నుండి కైరో, జెనీవాల మీదుగా లండనుకు బయలుదేరెను. టాటా దంపతులు అందుండిరి. ఈ మార్గమును పాఠకులు కొంచెము పరిశీలింపవలెను. బొంబాయి నుండి లండనుకే పోవువారితో అంత పెద్ద విమానము ప్రతి వారము నిండదు. కైరోలో ఎక్కి జెనీవాలో దిగువాడును, జెనీవాలో ఎక్కి లండనులో దిగువాడును కావలెను. అనగా అమెరికావారు కోరుచుండిన అయిదవ హక్కే మనకును కావలసివచ్చెను. అట్టి హక్కు దుష్టమని వాదించుటకు మనకు నోరు లేదు. దానికి కొలత యుండవలెనని మాత్రము వాదింపవచ్చును.

ఆ వాదమే వచ్చెను. అమెరికా సంస్థలు తమ దేశమునకును మనకును నడుమ పోవు కొలదిమందికి తగినన్ని గాక, ఐరోపా, ఈజిప్టులలో ఎక్కి బొంబాయి, కలకత్తాలకు వచ్చువారిని ఆశించి విమానములు పెంచుచున్నవని మన ప్రభుత్వము ఆక్షేపించెను. అన్యదేశపు రద్దీ వారికి అనుబంధము కావలెను గాని ఆధారము కారాదని మన పక్షము. మాట కుదరకపోగా 1954లో ఒడంబడికను రద్దు చేయుదుమని నోటీసిచ్చిరి. 1956లో కొత్తది వ్రాసికొనిరి. అన్నమునకు అమెరికావైపు చూడవలసిన దినములలో ఈపాటి గట్టితనము చూపుట సామాన్యము కాదు. చూపగలుగుటకు కారణము, ఆ మార్గమున మనకును మంచిపేరు గల విమానములు ఉండుటయే. రెక్కలు లేనివాడు ఆకాశమునకు ఎంత ధర చెప్పినను వినువా డుండడు.

1953లో వైమానిక సంస్థలను జాతీయము చేసిరి. టాటాగారు దానిని వ్యతిరేకించిరి. వారిని ముందుగా సంప్రదింపక నిర్ణయించుట న్యాయము కాదని మా అభిప్రాయము. దక్కన్ ఎయిర్‌వేస్ సయితము దేశీయ సంస్థలో లీనమయ్యెను. అయినను నెహ్రూగారు కోరగా పరదేశీయ శాఖకు అధ్యక్షులుగా నిలిచి, 1978లో తొలగింపబడువరకు ఒక్క రూపాయి జీతము పుచ్చుకొనక సేవించిరి. తెరల రంగు మొదలు కాఫీ రుచి వరకు చూచి చీటీలు వ్రాసి పంపెడివారు.

వారి తరువాత ఆ సంస్థ క్షీణించుటకు పరదేశీయులను మాత్రమే నిందించుట సత్యము కాదు. మనము దీర్ఘమార్గముల విమానములు పెంచుకొనని దినములలో గల్ఫు సంస్థలు మన నగరములన్నిటి ముంగిట నిలిచినవి. దుబాయికి వారమునకు 54,200గా నున్న సీట్ల పరిమితిని 2014లో సుమారు 65,000కు మనమే పెంచితిమి. వారు చేయునది చికాగోలో లెక్కించిన అయిదింటిలో లేదు. నాలుగవ హక్కునకు మూడవదానిని ముడివేసి, తమ ఊరి మీదుగా మన జనమును అమెరికాకు మోయుచున్నారు. నల్లగొండ రైతు తక్కువ ధరకు కుమారుని పంపుకొనుచున్నాడు. అతని లాభమును కాదనరాదు. కాని ఆ ఛార్జీలో ఎంతభాగము ఈ దేశమున నిలుచుచున్నదో అడిగి, వారి కోరికకు బదులు కోరిక పెట్టి బేరమాడుట ప్రభుత్వపు విధి. 2022 జనవరిలో ఎయిరిండియా మరల టాటాల చేతికి వచ్చెను గాన ఆ బేరమునకు ఇపుడు కొంత బలము చేకూరవచ్చును.

1982 అక్టోబరు 15న, డెబ్బది యెనిమిదవ యేట, టాటాగారు పాతకాలపు చిన్న విమానమున కరాచీ నుండి బొంబాయికి ఒంటరిగా మరల ఎగిరివచ్చిరి. 1992లో భారతరత్న బిరుదము పొందిరి. 1993 నవంబరు 29న జెనీవాలో కన్నుమూసిరి. పారిసు నగరపు పేర్ లాషేజ్ శ్మశానమున వారి సమాధి యున్నది.