గాలికి తిరుగు శిల్పము

పసిబిడ్డల ఉయ్యెలపై చిలుకల గుత్తిని వ్రేలాడగట్టుట తిరువూరు పల్లెలకు కొత్తగాదు. గాలి సోకగానే ఒక చిలుక ముందునకు, మఱియొకటి వెనుకకు తిరుగును. అట్టి గుత్తినే 76 అడుగుల వెడల్పున లోహముతో చేయవలసివచ్చినచో అది తిరుగునా? అమెరికా శిల్పి అలెగ్జాండర్ కాల్డరునకు తుదిదినములలో ఎదురైన చిక్కు ఇదియే.

కాల్డరు 1898లో పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించెను. తాతయు తండ్రియు శిల్పులు, తల్లి చిత్రకారిణి. ఫిలడెల్ఫియా పురభవన శిఖరముపై నున్న విలియం పెన్ విగ్రహము ఆ తాత చేసినదే. అయినను కాల్డరు మొదట యంత్రశాస్త్రము చదివి 1919లో పట్టము పొందెను. ఆ చదువు వృథాపోలేదు. 1926లో పారిసు చేరి తీగెలతో, గుడ్డపేలికలతో బొమ్మల సర్కసు చేసి తానే ఆడించెను. పిమ్మట రేకుముక్కలను తీగెలకు తగిలించి, తూకము కుదిర్చి వ్రేలాడదీయసాగెను. పొడవైన కొన నుండు చిన్న రేకు పొట్టి కొన నుండు పెద్ద రేకును నిలుపును. ఏతమునందలి న్యాయమే ఇదియు. శిల్పమనగా కదలక నిలుచునదని నమ్మిన లోకమునకు ఇది వింతయయ్యెను. 1931లో మార్సెల్ డ్యుషాంప్ అను కళాకారుడు కాల్డరుని కదలు శిల్పములకు ‘మొబైల్’ అని పేరు పెట్టెను. నేడు జేబులోని ఫోనునకును ఆ పేరే వచ్చుట చిత్రము.

1955లో సారాభాయి కుటుంబము ఆహ్వానింపగా కాల్డరు మన దేశమునకు వచ్చి, అహమ్మదాబాదులో మూడు వారములుండి అచ్చటనే శిల్పములు చేసెను.

కొన్ని యేండ్లకు వాషింగ్టను నగరమందలి జాతీయ చిత్రశాలకు ఐ. ఎం. పై అను వాస్తుశిల్పి నూతన భవనము నిర్మింపసాగెను. దాని నడిమి మందిరమునకు శిల్పమును సమకూర్చు పని కాల్డరునకు లభించెను. ఆతడు చిన్న నమూనా చేసెను. అది తేలికగా తిరుగును. కాని కొలత రెట్టింపైనచో బరువు ఎనిమిది రెట్లగును గదా! ఉక్కుతో అంతటి శిల్పము చేసినచో గాలికి కదలుట కల్ల. కదలని మొబైలు కాల్డరు జీవితకృషికే విరుద్ధము.

అప్పుడు పాల్ మాటిస్ అను కళాకారుడు ఒక ఉపాయము చూపెను. లోపల తేనెపట్టువలె గదులుగదులుగా నుండు అల్యూమినియము, దానిపై పలుచని రేకు. ఈ విధముగా రెక్కలను చేయించెను. అంతటి శిల్పమును 920 పౌండ్లలో, అనగా సుమారు 420 కిలోలలో ముగిసెను.

కాని 1976 నవంబరు 11న, పని సాగుచుండగనే, కాల్డరు న్యూయార్కులో కన్నుమూసెను. మరుసటి యేడు నవంబరులో శిల్పమును పైకప్పునకు ఎత్తి కట్టిరి. 1978 జూనులో భవనము తెరచినపుడు, చూడవచ్చినవారి తలలపై ఎఱుపు, నలుపు, నీలి రెక్కలు మందిరములోని గాలికే మెల్లమెల్లగా తిరుగుచుండెను.