పెన్నా పుట్టిన సీమలోనే పుట్టారు.. మూసీ మురుగుకు దారి చూపారు! మోక్షగుండం గురించి ఇది తెలుసా?

సెప్టెంబర్‌ 15 అంటే ఇంజినీర్స్‌ డే. మోక్షగుండం విశ్వేశ్వరయ్య అనగానే అందరికీ గుర్తొచ్చేవి డ్యామ్‌లే. కానీ తాగునీళ్లు, మురుగునీళ్ల మీద ఆయన చేసిన పని గురించి చాలామందికి తెలీదు. కరువు సీమ అనంతపురానికి ఇప్పుడు కావాల్సిన పాఠం అందులోనే ఉంది.

1861లో ముద్దేనహళ్లిలో పుట్టారు. ఇప్పుడది కర్ణాటకలోని చిక్కబళ్లాపుర జిల్లా. తెలుగు కుటుంబం. పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. విశేషం ఏంటంటే.. పెన్నా నది పుట్టింది కూడా ఆ జిల్లాలోని నంది కొండల్లోనే. అక్కడి నుంచి హిందూపురం వైపు ఏపీలోకి వచ్చి, తాడిపత్రి మీదుగా మొత్తం 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది.

చిన్న వయసులోనే తండ్రి పోయారు. బెంగళూరులో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ 1881లో డిగ్రీ పూర్తి చేశారు. పుణెలో ఇంజినీరింగ్‌ చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు.

ఇసుకే ఫిల్టర్‌!

ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సుక్కూరులో అప్పట్లో సింధు నది బురద నీళ్లే దిక్కు. ఫిల్టర్‌ బెడ్లు కట్టడానికి మున్సిపాలిటీ దగ్గర డబ్బుల్లేవు. విశ్వేశ్వరయ్య ఏం చేశారంటే.. నది గర్భంలోనే బావి తవ్వించారు. ఇసుకలోంచి ఊరిన నీళ్లు తేటగా వచ్చాయి. పెన్నా ఇసుకలో చెలమ తీసి నీళ్లు తోడుకున్న మన పెద్దోళ్లకు ఈ కిటుకు కొత్తేం కాదు.

హైదరాబాద్‌కు పిలుపు

1906లో ఏడెన్‌ పట్టణానికి తాగునీరు, డ్రైనేజీ ప్లాన్‌ ఇచ్చారు. 1908 సెప్టెంబర్‌ 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేసింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం ఆయన్ను పిలిపించింది. వరదను ఆపడానికి ఎగువన రిజర్వాయర్లు కట్టాలని సూచించారు. అవే తర్వాత ఉస్మాన్‌సాగర్‌, హిమాయత్‌సాగర్‌ అయ్యాయి. అంతటితో ఆగలేదు. నగరం మొత్తానికి అండర్‌గ్రౌండ్‌ డ్రైనేజీ ప్లాన్‌ కూడా గీశారు. 1931 నాటికి 4.68 లక్షల జనాభా కోసం ఆ వ్యవస్థ అందుబాటులోకి వచ్చింది.

మరి మూసీ ఎందుకు పాడైంది? నగరం పెరిగింది, పైపులు అంత పెరగలేదు. పైగా మురుగును ఊరి దిగువకు పంపించేస్తే అది శుద్ధి అయినట్టు కాదు. గాలి పంపి, సూక్ష్మజీవులతో మలినాలను తినిపించే పద్ధతి ఇంగ్లాండ్‌లోని మాంచెస్టర్‌లో 1914లో వచ్చింది. ఇవాళ్టి ఎస్టీపీల్లో చాలావాటికి అదే ఆధారం.

అనంతపురానికి ఎందుకు ముఖ్యం?

ఇక్కడ ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లే. పెన్నాలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపిస్తుంది. నిండుగా పారే నదిలో మురుగు పడితే కొంతైనా పలచబడుతుంది. ఎండిన ఏట్లో ఆ అవకాశమే లేదు. మురుగు నేరుగా ఇసుకలోకి ఇంకుతుంది. సుక్కూరులో ఫిల్టర్‌గా పనిచేసిన ఇసుకే ఇక్కడ కలుషితమైతే దాని కింద ఊరే నీళ్లూ పోతాయి. అదే మురుగును ఊరు దాటకముందే శుద్ధి చేస్తే.. పొలాలకైనా, చెట్లకైనా కరువు రోజుల్లోనూ ఆగని నీళ్లు దొరుకుతాయి. చిన్న పట్టణాలకు ఇది భారం కాదు, ఆదా.

1912 నుంచి 1918 దాకా మైసూర్‌ దివాన్‌గా పనిచేసిన విశ్వేశ్వరయ్యకు 1955లో భారతరత్న వచ్చింది. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్లు నిండాక కన్నుమూశారు. ఏటా సెప్టెంబర్‌ 15న ఆయన విగ్రహాలకు దండలు పడుతూనే ఉన్నాయి. పెన్నా ఒడ్డునున్న ఊళ్లలో మురుగు ఏటి ఇసుకలోకి చేరకుండా ఆపగలిగితే.. ఆయనకు అంతకంటే మంచి నివాళి ఉండదు.