మఠాల్లో భాష నేర్చిన చోమా

మనలాగే ఇల్లు వదిలి దూరదేశం పోయిన మనిషి అలెగ్జాండర్ చోమా. 1784లో ట్రాన్సిల్వేనియాలో ఒక హంగేరియన్ కుటుంబంలో పుట్టాడు. తన జాతి మూలాలు ఆసియాలో దొరుకుతాయని 1819లో బయలుదేరాడు. చాలా దూరం నడకే.

వెతికింది దొరకలేదు. అయినా ఉత్తచేతులతో ఉండలేదు. 1823లో హిమాలయాల్లో జంస్కార్‌లోని జంగ్లా గ్రామం చేరి, ఒక లామా దగ్గర టిబెటన్ భాష నేర్చుకున్నాడు. ఇరుకు గది, గడ్డకట్టే చలి, కాచుకోడానికి నిప్పు లేదు. తర్వాత ఫుగ్తాల్, కానం బౌద్ధమఠాల దగ్గరా అదే చదువు. 1834లో కలకత్తాలో ఆయన టిబెటన్-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది.

1842లో లాసా పోతూ డార్జిలింగ్‌లో జ్వరంతో చనిపోయాడు. సమాధి అక్కడే ఉంది. సొంతూరు మళ్లీ చూడలేదు.

డ్యూటీ దిగాక రోజుకు పది మాటలు నేర్చుకునే తమ్ముళ్లకు మేము ఈయన గురించే చెబుతుంటాం.