కెంపెలెన్ చదరంగపు పెట్టె

వినోదమునకై చేసిన వస్తువొకటి తన జీవితకాలపు పాండిత్యమును మరుగుపరచుట కన్నులార చూచినవాడు వుల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్. ఆతడు 1734 జనవరి 23వ తేదీన ప్రెస్‌బర్గ్ నగరమున జన్మించెను. నేడు స్లొవేకియా రాజధానియైన బ్రాటిస్లావా అదియే. న్యాయశాస్త్రము, తత్త్వశాస్త్రము చదివి, వియన్నాలో మేరియా తెరీసా మహారాణి కొలువున చేరెను. హంగరీ ధర్మశాసనములను లాటిను నుండి జర్మను భాషలోనికి అనువదించెను. ఉప్పుగనుల అధికారము నిర్వహించెను. ఇంతవరకు సమర్థుడైన ఒక ఉద్యోగి కథ మాత్రమే.

1769లో రాణి సమక్షమున ఒక ఫ్రెంచి గారడీవాడు అయస్కాంతములతో కొన్ని వింతలు చూపెను. ఇంతకంటె గొప్పది తాను చేయగలనని కెంపెలెన్ మాట యిచ్చి, మరుసటి సంవత్సరము ఒక పెట్టెతో సభకు వచ్చెను. అది సుమారు మూడున్నర అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు గలది. దాని వెనుక తలపాగా ధరించి, తురుష్క వేషమున మనిషంత బొమ్మ కూర్చుండెను. కెంపెలెన్ తలుపులొక్కటొక్కటే తెరచి, కొవ్వొత్తి వెలుగున లోని పళ్ల చక్రములను చూపి, మరల మూసి కీ యిచ్చెడివాడు. అంతట బొమ్మ ఎడమచేత పావులు జరుపుచు చదరంగమాడి, ఎదుటివారిని తరచుగా ఓడించెడిది.

లోపల మనిషి కలడు. జారుపీటపై కూర్చున్న ఆ ఆటగాడు ఒక తలుపు తెరచినపుడు ఇటు, వేరొకటి తెరచినపుడు అటు జరిగి కంటబడకుండెను. పావుల అడుగున అయస్కాంతము లుండుటచే, గళ్ల క్రింద వ్రేలాడు చిన్న బిళ్ళలు కదలి, పైన ఏ పావు ఎచటికి పోయినదో అతనికి తెలిపెను. అతడు తన యెదుటి చిన్న పలకపై మీటను త్రిప్పగా, కమ్ముల కూర్పు బొమ్మ చేతిని సరిగా ఆ గడిపైకే కొనిపోవును. కొవ్వొత్తి పొగ బొమ్మ తలపాగా గుండ వెలికిపోవుచుండెను! ఇది మోసమే, కాని ఆ చేతిని నడపిన మీటల పని అచ్చమైన యంత్రవిద్య.

కొంతకాలమునకు కెంపెలెన్ దానితో విసిగి విడదీసివేసెను. ఆతని మనసంతయు మరొక యంత్రముపై నుండెను. మనుష్యుని నోట అక్షరము ఎట్లు పుట్టునో ఎరిగి, ఆ విధముననే కొయ్యచేతను తోలుచేతను పలికింపవలెనని ఆతని సంకల్పము. వంటింటి తిత్తి ఊపిరితిత్తుల పని చేసెను; మన వీథి భాగవతులు శ్రుతికి పట్టు తిత్తి వంటి వాద్యము నుండి తీసిన పీక కంఠమాయెను. ఆ నోటికి నాలుక లేదు, పండ్లు లేవు. అందుచే త, ద, క, గ వర్ణములు సరిగా రాక, పకారముతోనే సరిపెట్టవలసివచ్చెను. స్థానకరణములను గూర్చి తరగతిలో చెప్పునపుడెల్ల నాకీ నాలుక లేని నోరు జ్ఞప్తికి వచ్చుచుండును.

1781లో రష్యా యువరాజు పాల్ రాక సందర్భమున, చదరంగపు బొమ్మను మరల చూపవలెనని చక్రవర్తి రెండవ జోసెఫ్ ఆజ్ఞాపించెను. కాదనుటకు వీలులేదు. పదేండ్లుగా మూలపడిన పెట్టెను కెంపెలెన్ ఇంట నైదు వారములలో తిరిగి కూర్చెను. ప్రదర్శన ఫలించుటయే ఆతనికి చేటయ్యెను: ఐరోపా దేశములు త్రిప్పుమని ఒత్తిడి వచ్చెను. 1783లో పారిస్ నగరమున బెంజమిన్ ఫ్రాంక్లిన్ దానితో ఆడెను. ఆనాటి మేటి ఆటగాడు ఫిలిదోర్ దానిని ఓడించెను. మాటలాడు యంత్రమును గూడ వెంట తీసికొనిపోయినను, జనులు బొమ్మనే చూచిరి. వర్ణోత్పత్తిపై ఆతని గొప్ప గ్రంథము 1791లో వెలువడెను. 1804 మార్చి 26న ఆతడు వియన్నాలో మరణించెను.

ఆతని కుమారుని వద్ద పెట్టెను కొన్న మెల్జెల్, సంగీతమునకు తాళమాన యంత్రము ప్రచారము చేసినవాడు, మరమ్మతు చేసి 1809లో నెపోలియన్‌తో ఆడించెను; 1826లో అమెరికాకు కొనిపోయెను. 1838లో అతడు ఓడలోనే మరణింపగా, ముక్కలైన యంత్రము ఫిలడెల్ఫియా వైద్యుడు జాన్ కియర్స్లీ మిచెల్ చేతికి వచ్చెను. మిత్రులు చందాలు వేసికొనిరి. చందాదారులకు మర్మము చెప్పుట ఒప్పందము. ఏ కమ్మి ఏ మీటకు చెందునో బోధించువారు లేరు. ప్రయత్నించి, పొరపడి, మరల విప్పి, 1840 నాటికి ఆ వైద్యుడు బొమ్మచేత ఎత్తు వేయించెను. వృత్తి వేరైనను ఇంతటి ఓపిక చూపిన ఈయన యెడ నాకు కెంపెలెన్‌పై నున్నంత గౌరవము కలదు.

పిదప అది అచటి చైనా ప్రదర్శనశాలలో ఒక మూల చేరెను. 1854 జూలై 5న ప్రక్కనున్న నాటకశాల నుండి మంటలు వ్యాపించి దానిని దహించెను. వేరొకచోట దాచబడిన చదరంగపు పలక మాత్రము మిగిలెను. 1980 తరువాత లాస్ ఏంజిలిస్‌లో ఒక యంత్రనిపుణుడు ఆ పలకతోనే పెట్టెను మరల నిర్మించెను. కెంపెలెన్‌దని చెప్పబడు మాటలాడు యంత్రము మ్యూనిక్ నగరపు జర్మను మ్యూజియంలో కలదు.