గోదావరీతీరమున గురు గోవిందసింహుడు

త్ర్యంబకమున బుట్టిన గోదావరి తూర్పు సముద్రమును జేరులోపల నెందరో మహనీయుల జీవితములతో ముడివడినది. రాజమహేంద్రవరమున నన్నయభట్టారకుని, వీరేశలింగము పంతులుగారిని, భద్రాచలమున రామదాసును ఈ సీమలో నెరుగనివారుండరు. కాని ధవళేశ్వరము ఆనకట్టనుండి కాలువలవెంట మండపేట చేలకు బారు ఈ నీటియొడ్డుననే, చాల ఎగువను నాందేడు పట్టణమునందు, సిక్కుల పదియవ గురువగు గోవిందసింహుడు తన తుది దినములు గడపి దేహము చాలించెనని తెలిసినవారు మనలో గొందరే. ఆ నాందేడు 1956వ సంవత్సరము వరకు హైదరాబాదు రాజ్యములోనిది, నేడు మహారాష్ట్రములోనిది.

గోవిందుడు 1666వ సంవత్సరము డిసెంబరు మాసమున గంగాతీరమందలి పాట్నా నగరమున జన్మించెను. తండ్రి తొమ్మిదవ గురువైన తేగ్ బహదూరు, తల్లి గుజరీదేవి. బాల్యమున కొన్నియేండ్లు పాట్నాలో గడపి, పిదప హిమాలయపు జరియలందలి ఆనందపురమునకు వచ్చెను. సంస్కృతము, పారసీకము, వ్రజభాష, గురుముఖీ లిపి యన్నియు నేర్చెను. గుర్రపుస్వారి, విలువిద్య వీనితోపాటే సాగినవి.

తొమ్మిదవయేట నాతని జీవితమును మలుపు త్రిప్పిన ఘోరము జరిగినది. ఔరంగజేబు కాలమున కాశ్మీర పండితులు తమ మతమునకు వచ్చిన యాపదను తేగ్ బహదూరునకు విన్నవించుకొనిరి. ఆయన వారి పక్షము వహించి, మతము మార్చుకొననొల్లక, 1675వ సంవత్సరము నవంబరులో ఢిల్లీ చాందినీచౌకునందు శిరచ్ఛేదము పొందెను. తనది కాని మతముయొక్క రక్షణకై ప్రాణమిచ్చుట లోకచరిత్రమున నరుదు. గురువు శరీరము బజారున బడియుండగా, మేము ఆయన శిష్యులమని ముందునకు వచ్చుటకు ఢిల్లీలో బలువురు వెనుదీసిరి. తుదకు అంటరానివాడని లోకము దూరముంచిన కులమున బుట్టిన జైతా యను శిష్యుడు శిరస్సును దాచి ఆనందపురమునకు గొనిపోయెను. లఖీషా అను వణజారి వర్తకుడు మొండెమును తన యింటికి జేర్చి, పరులకు దెలియకుండుటకై తన యింటికే నిప్పుపెట్టి దహనము గావించెను. శిరస్సును దెచ్చిన జైతాను బాలగురువు కౌగిలించుకొని, అతని కులమువారు గురువునకు బిడ్డలేయని చాటెను. శిష్యులు జనములో గలిసిపోయి గుర్తెరుగరాకుండిరి గావుననే ఆనాడు తప్పించుకొనగలిగిరని, ఇకమీద వేలమందిలో నిలిచినను సిక్కు దాగరాని రూపమును గల్పింపవలెనని గోవిందుడు అప్పుడే తలచెనని సిక్కుల నమ్మకము. కేశనియమమునకు మూలమేమని ప్రశ్నించువారికి వారు చెప్పు సమాధానములలో నిది యొకటి.

తరువాతి యేండ్లు ఆనందపురమున గడచెను. గురువు కొలువున ఏబదియిద్దరు కవులుండిరని ప్రతీతి. శిష్యులలో గొందరిని సంస్కృతము నేర్చుటకై కాశికి బంపెను. చుట్టుపట్ల కొండరాజులతో గలహములు దప్పలేదు. 1688లో భంగాణివద్ద గొప్ప పోరు జరిగినది. యుద్ధములకంటె నిచట చెప్పదగినది మసందుల వృత్తాంతము.

ప్రతి సిక్కును తన యార్జనలో బదియవ భాగమును ధర్మమునకీయవలెనను నియమము పూర్వగురువుల నాటినుండియు గలదు. దానిని దశవంధమందురు. ఆ సొమ్మును ప్రాంతములవారీగా వసూలుచేసి గురుపీఠమునకు జేర్చుటకై నియమింపబడినవారే మసందులు. మొదట వీరు భక్తులే. కాలక్రమమున అధికారము వంశపారంపర్యమై, వసూలైన దానిలో గొంత గురువునకును మిగిలినది తమ యిండ్లకును జేరుచుండెను. వసూలుచేయువాని చేతిలోనే లెక్కయు నున్నచో నేమగునో పల్లెలవారికి వేరుగ జెప్పనక్కరలేదు. ఒకనాడు మన పగటివేషగాండ్రవంటివారు గురువు సన్నిధికి రాగా ఆయన వారిని మసందు వేషము కట్టుడని కోరెనట. ఒకడు మసందై పరివారముతో బీదసిక్కు నింటికి వచ్చును. ఆ బీదవాడు తనకున్న ముతకరొట్టె పెట్టగా విసరివేయును. మిఠాయిలకును, కానుకకును ఆ బీదవాడు తన భార్య కట్టుబట్ట నమ్ముకొనును. సభలో నవ్వు పుట్టెనుగాని గురువు నవ్వలేదు. ఆయన మసందుల నందరను దొలగించి, శిష్యులు తమ కానుకలను స్వయముగ దెచ్చి యొసగవలెనని యాజ్ఞాపించెను. గురువునకును శిష్యునకును నడుమ దళారి యుండరాదనునది యీ యాజ్ఞ సారము. దీనిని కేవలము ధనవ్యవహారముగా దలంచువారు పొరబడుదురు. ఖాల్సా పుట్టుకకు బునాది యిందే యున్నది.

1699వ సంవత్సరము వైశాఖీ పండుగకు వేలకొలది జనులు ఆనందపురమున గూడిరి. గురువు కత్తి దూసి, ధర్మమునకై తల యీయగలవాడెవడని యడిగెను. జనము దిగ్భ్రమ నొందెను. కొంతసేపటికి లాహోరు వాసియగు దయారాము లేచెను. అతనిని డేరాలోనికి గొనిపోయి, నెత్తురోడు కత్తితో మరల వచ్చి మరియొక తల కోరెను. ఈ విధముగ నైదుమారులు జరిగినది. హస్తినాపురపు ధర్మదాసు, పూరీజగన్నాథమునుండి వచ్చిన నీళ్ళుమోయు హిమ్మతు, ద్వారకవాడైన అద్దకపు పనివాడు మొహకమచందు, మన దక్కనులోని బీదరు పట్టణమున క్షురకవృత్తివాడైన సాహిబుచందు వరుసగా లేచిరి. పిమ్మట నైదుగురును సజీవులై కొత్త వస్త్రములతో వెలుపలికి వచ్చిరి. జీవితమంతయు నితరుల వెండ్రుకలు గొరిగిన బీదరువాడు, వెండ్రుక కత్తిరింపరాని సంఘమునకు మూలపురుషులలో నొకడగుట విచిత్రమే. బీదరుసీమలో బారు మంజీర కందకుర్తివద్ద గోదావరిలో గలియును గనుక అతడును మన నీటివాడే.

ఇనుపపాత్రలో నీరుపోసి, పంచదార బత్తాసులు వేసి, రెండంచుల ఖండాతో గలియద్రిప్పుచు ప్రార్థనలు చదివి, ఆ యమృతమును ఐదుగురకును గురువు త్రావించెను. ఒకే పాత్రనుండి అన్ని కులములవారును ద్రావుటతో కులభేదము తొలగినదని భావము. పురుషుల పేర్లకు సింహశబ్దమును, స్త్రీల పేర్లకు కౌర్ శబ్దమును జేర్చుట యేర్పడినది. అంతటితో ముగిసినచో ఇది మరియొక దీక్షయే యయ్యెడిది. కాని గురువు ఆ యైదుగురి యెదుట మోకరిల్లి, తనకును ఆ యమృతమీయుడని చేయిచాచెను. గోవిందరాయుడు ఆ దినమున శిష్యుల చేతిమీదుగా గోవిందసింహుడయ్యెను.

ఈ దీక్ష గొన్నవాని దినచర్య యెట్టిది? వేకువజామున లేచి స్నానముచేసి జపమును ప్రార్థనలును జదువవలెను. సాయంకాలమున రహిరాసు, నిద్రించుటకు ముందు సోహిలా పఠింపవలెను. శరీరమున కేశము, దువ్వెన, ఇనుపకడియము, కచ్ఛ, కృపాణము అను నైదును ఎడబాయరాదు. దువ్వెన యెందులకన్న, జడలు గట్టించుకొని లోకమును విడచిన సన్న్యాసి మార్గము వీరిది గాదు. కేశము పెంచియు దానిని శుభ్రముగ దువ్వి ముడిచి గృహస్థుగ బ్రతుకవలెను. వెండ్రుకలు దీయుట, పరస్త్రీ లేక పరపురుష సంగమము, మహమ్మదీయ విధిని గోసిన మాంసము దినుట, పొగాకు ముట్టుట అను నాలుగు మహాదోషములు. వీనిలో నేది చేసినను దీక్ష భంగమై, మరల సంఘమునెదుట తప్పొప్పుకొని అమృతము గ్రహింపవలెను. లంకపొగాకు పండించి చుట్టల పొగలో బ్రొద్దుపుచ్చు సీమవారికి కడపటి నియమము మిక్కిలి కఠినముగ దోచవచ్చును. ఆడుశిశువును జంపినవారితో పొత్తు కూడదనునది మరియొక నియమము. దశవంధము, చేతిపనిగా జేయు సేవ, లంగరులో నందరితో నొకే పంక్తిని గూర్చుండి భుజించుట సరేసరి. కాలాంతరమున రహితనామాలను పేరున వ్రాతలు పెక్కు వెలువడగా, వానిలోని భేదములను బరిశీలించి అమృతసరమునందలి గురుద్వారా ప్రబంధక సంఘము 1945లో నొక నియమావళిని ఆమోదించెను.

వేషము ముఖ్యమా, నడత ముఖ్యమా యను ప్రశ్న ఆనాడే పుట్టినది. ఒకమారు గురువు గాడిదకు బులితోలు గప్పి పొలములలోనికి విడిపించెనట. జనులు భయపడి తలుపులు బిగించుకొనిరి. అది తక్కిన గాడిదలను జూచి ఓండ్రపెట్టగానే చాకలి వచ్చి కర్రతో నింటికి దోలుకొనిపోయెను. హితోపదేశమున నీ కథ మనకు సుపరిచితమే. గురువు దానిని కథగా జెప్పక కన్నులయెదుట జరిపించి, ఐదు చిహ్నములు దాల్చి నడత దప్పినవాని గతి యదియేనని శిష్యులకు జూపెను. మరియొకనాడు ధనికుడైన యువకుడొకడు నీరు దెచ్చియీయగా, వాని చేతులు మిక్కిలి మెత్తగ నుండుట చూచి, ఎన్నడును ఎవరికిని సేవచేసి యెరుగడని తెలిసికొని, ఆ నీరు త్రాగక మరలించెను.

కన్హయ్య యను శిష్యుని కథ వీనికంటె లోతైనది. ఆనందపురపు యుద్ధములందు అతడు తిత్తితో నీరు మోసి గాయపడినవారికి ద్రావించుచుండెను. పడిపోయిన శత్రువులు సైతము ఆ నీరు త్రాగి మరల లేచి కత్తిపట్టుచున్నారని సిక్కులు గురువునకు మొరపెట్టుకొనిరి. ఆ ఫిర్యాదులో న్యాయము లేకపోలేదు. తమ అన్నదమ్ములు జచ్చుచుండ నెవరు మాత్రమోర్తురు? గురువు పిలిపించి యడుగగా కన్హయ్య, తనకు గాయములే కాని పక్షములు కనబడుట లేదని విన్నవించుకొనెను. గురువు కోపింపలేదు. నీటితోపాటు గాయములకు లేపనమును గూడ నిచ్చి పంపెను.

1704–05 చలికాలమున ఆనందపురము దీర్ఘకాల ముట్టడికి లోబడెను. కురానుపై బ్రమాణము చేసి సురక్షితముగ బోనిత్తుమన్న మొగలు సేనానులును కొండరాజులును, కోట వెలువడినంతనే వెంటాడిరి. పొంగుచున్న సరసానదిని దాటుటలో కుటుంబము చెల్లాచెదరైనది. చమకౌరు గ్రామమందలి మట్టికోటలో నలుబదిమందితో గురువు నిలిచెను. పెద్దకుమారులు అజితసింహుడు, జుఝారసింహుడు ఒకరివెనుక నొకరు పోరి తండ్రి కన్నులయెదుట గూలిరి. గురువు తానును మరునాడు పోరి మరణింప నిశ్చయించెను. అప్పుడు మిగిలినవారిలో నైదుగురు సిక్కులు ముందునకు వచ్చి, ఖాల్సా పేర, ఆయన కోట విడిచి ప్రాణము గాపాడుకొనవలెనని శాసించిరి. పుత్రశోకముతో మండుచున్న యా వీరుడు మారుమాటాడక రాత్రివేళ వెడలిపోయెను. తాను మోకరిల్లి యమృతమడిగిన యైదుగురకు నీయబడిన యధికారము వట్టిమాట గాదని చమకౌరున ఋజువైనది. చిన్నకుమారులు జోరావరసింహుడు, ఫతేసింహుడు పదియేండ్లైన నిండనివారు. సర్హిందు నవాబు వజీరుఖాను వారిని గోడలో నిలిపి యిటుకలు పేర్పించి చంపించెను. నాయనమ్మ గుజరీదేవి అచటనే తనువు చాలించెను.

నలుగురు బిడ్డలను బోగొట్టుకొన్న పిదప గురువు ఔరంగజేబునకు జఫర్‌నామా యను పారసీక పద్యలేఖ బంపెను. అందు దన దుఃఖమును జెప్పుకొనుటకంటె ప్రమాణభంగమును నిలదీయుటయే హెచ్చు. 1705లో ముక్తసరము వద్ద, మునుపు ముట్టడిలో గురువును విడిచిపోయిన నలుబదిమంది మాయీ భాగో యను వీరవనిత నాయకత్వమున మరలివచ్చి పోరి మడిసిరి. గురువు వారి విడుదలపత్రమును చించివేసి క్షమించెను. ఆ భాగో గురువు వెంట నాందేడు వరకు వచ్చి, తుదకు బీదరు సమీపమున స్థిరపడెనని సంప్రదాయము. తల్వండీసాబోలో గురువు కొంతకాలము విశ్రమించి, ఆదిగ్రంథమునకు దన తండ్రి కీర్తనలను జేర్చి శుద్ధప్రతిని సిద్ధపరచెను.

1707లో ఔరంగజేబు మరణించెను. క్రొత్త చక్రవర్తి బహదూరుషాతో గురువు దక్షిణమునకు బయలుదేరెను. అంతకుమునుపు రాజస్థానమందలి నరైనావద్ద దాదూ మహాత్ముని సమాధిని జూచి బాణము వంచి వందనము చేసెను. సమాధులను బూజింపరాదని తానే విధించిన నియమమిది. వెంటనున్న సిక్కులు గురువును నిలిపి, తప్పు చేసితివని జరిమానా విధించిరి. గురువు సంతోషముతో జెల్లించి, వారు మేలుకొని యున్నారో లేదో పరీక్షించితినని తెలిపెను. పరీక్షయే యనుకొన్నను, జరిమానా జరిమానాయే, రొక్కము చెల్లినది.

1708లో నాందేడు జేరిన గురువునకు గోదావరి యొడ్డున మాధవదాసు అను బైరాగి తటస్థపడెను. అతడే గురువు శిష్యుడై బందాసింహుడను పేర పంజాబునకు బోయి, 1710లో సర్హిందును గెలిచెను. అంతలో వజీరుఖాను పంపినాడని చెప్పబడు పఠానుడొకడు గురువును గత్తితో బొడిచెను. గాయము కుట్టబడి మానుచుండెను గాని గట్టివిల్లు నెక్కుపెట్టుటలో మరల చిట్లినది. నలుబదిరెండేండ్లైన నిండక మునుపే, 1708వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీని, ఇకమీద మానవగురువు లేడనియు గ్రంథమే గురువనియు నిర్ణయించి, ఆ గ్రంథము నెదుట ప్రణమిల్లి దేహము విడిచెను.

ఆ తావున 1832–37 నడుమ పంజాబు మహారాజు రంజితసింహుని విరాళములతో హజూరుసాహెబు మందిరము వెలసెను. సిక్కుల యైదు తఖ్తులలో నది యొకటి. ఆ కాలముననే దివాను చందూలాలు యత్నముచే హైదరాబాదునకు వచ్చిన సిక్కు సైనికుల సంతతివారు నేటికిని తెలంగాణమున నున్నారు. తలపాగా, కడియము వదలక, ఇరుగుపొరుగుతో తెలుగున మాటాడుదురు. నాందేడు ఆచారములు కొన్ని పంజాబువారి యాచారములతో సరిపడవు. దీపహారతి మున్నగు పూర్వపద్ధతులు అచట నిలిచియున్నవి. ప్రతిదినము తెల్లవారకమునుపే, సేవకుడొకడు పాదచారియై గోదావరికి బోయి, బిందెతో నీరు ముంచి మందిరమునకు దెచ్చును. ఆ నీటితో మందిరము గడుగుదురు. బిందెలో బట్టని నీరు బాసర, ధర్మపురి, మంథని, భద్రాచలములు గడచి ధవళేశ్వరము దారిని మన కాలువలకు వచ్చును.