ఎర చెంత ఎలుగుబంటి

జిమ్ కార్బెట్ 1875లో నైనీతాల్‌లో జన్మించారు. 1907లో చంపావత్ నరభక్షకిని వధించి కుమావూఁ ప్రజలకు ఆప్తులయ్యారు.

దేవీధురాలో పశువులను హరించే ఒక పులి కోసం, అది చంపిన పశువు చెంత ఆయన కాపు కాశారు. హిమాలయపు నల్ల ఎలుగుబంటికి ఘ్రాణశక్తి మిక్కుటం. మాంసపు వాసన సోకితే దూరమని ఎంచక వెదుకుతూ వస్తుంది. చిరుతల ఆహారాన్ని సైతం అపహరిస్తుంది. నాడు వచ్చిన ఎలుగు ఎదుట ఉన్నది పులి అయినా వెనుదీయలేదు. రెండూ భీకరంగా కలబడ్డాయి. కార్బెట్ ఆ పోరును చెవులారా విన్నారు.

ఆ పులి మాత్రం ఆయన తుపాకికి ఎన్నడూ చిక్కలేదు. పేరుమోసిన వేటగానికి అది చిన్న సంగతి కాదు. అయినా దాచుకొనక, 1954లో వెలువడిన 'ది టెంపుల్ టైగర్'లో తన వైఫల్యాన్ని వివరించారు. మరుసటి ఏడు కెన్యాలోని న్యేరిలో కన్నుమూశారు.