శామ్యూల్ పీప్సుగారి విగ్గు

ఆంగ్లదేశ చరిత్రమును చదువు మన విద్యార్థులకు 1665వ సంవత్సరపు ప్లేగును గూర్చియు, 1666వ సంవత్సరమున లండను నగరము దగ్ధమగుటను గూర్చియు తెలిసియే యుండును. ఆ రెండుపద్రవములను కన్నులార చూచి దినదినము వ్రాసియుంచిన శామ్యూల్ పీప్సు పేరును కొందఱు వినియుందురు. నౌకాదళమున కాయన చేసిన సేవను గూర్చి చరిత్రకారులు విస్తారముగా వ్రాసియున్నారు. మేమిచట ఆయన తలపై ధరించిన విగ్గును గూర్చి వ్రాయ సంకల్పించితిమి. ఇట్టి యల్పవిషయమేల యని కొందఱు నవ్వవచ్చును గాని, ఆ మనుష్యుని మేము బాగుగా నెఱిగినది దీనిమూలముననే.

పీప్సు 1633వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీన లండనులో నొక దర్జీ యింట జన్మించెను. సెయింటుపాల్సు పాఠశాలలోను, కేంబ్రిడ్జిలోని మాగ్డలీను కళాశాలలోను విద్య నభ్యసించి, 1655లో ఎలిజబెత్తు అను కన్యకను వివాహమాడెను. 1658లో మూత్రాశయములోని రాతిని కోసి తీయించుకొని బ్రదికెను. మత్తుమందు లేని యా కాలమున నది గొప్ప సాహసమే. 1660లో రెండవ చార్లెసు రాజు ప్రవాసమునుండి మరలివచ్చినపుడు, పీప్సునకు నౌకాదళ కార్యాలయములో ఏటికి 350 పౌన్ల జీతముగల యుద్యోగము లభించెను. ఆ సంవత్సరము జనవరి 1వ తేదీననే ఆయన దినచర్య వ్రాయ నారంభించియుండెను.

ఆ కాలమున ఫ్రాన్సునుండి వచ్చిన వేషములలో విగ్గు ఒకటి. మన నాటకములలో వేషధారులు పెట్టుకొనునది గాక, పెద్దమనుష్యులు కచ్చేరికిని దేవాలయమునకును ధరించుకొని పోవు, భుజములమీద పడు పొడవైన వెండ్రుకల విగ్గు. 1663వ సంవత్సరము మే నెలలో పీప్సు వెస్టుమినిస్టరులోని తన పూర్వపు మంగలి యొద్దకు పోయి, రెండు మూడు విగ్గులు పెట్టి చూచుకొనెను. మనసొప్పలేదు. అయినను సొంత జుట్టును శుభ్రముగా నుంచుకొనుట గొప్ప శ్రమగా నుండెను. విగ్గు పెట్టినచో దానివలన నెన్ని చిక్కులు వచ్చునో యని వెనుదీసి, ఆ నిశ్చయమును నెలల తరబడి సాగదీసెను. నవంబరు 2వ తేదీన రాజుగారి తమ్ముడు యార్కు ప్రభువు తాను విగ్గు ధరింపబోవుచున్నానని చెప్పగా వినెను. రాజుగారును అట్లే చేయుదురని చెప్పుకొనిరి. రాజుగారి తల బాగుగా నెరసియుండుట పీప్సు గమనించినది ఆ దినముననే!

మఱునాడే విగ్గులు చేయువాడు చాప్మను ఇంటికి వచ్చెను. పీప్సు మేడపైకి పోయి తన జుట్టు కత్తిరింపించుకొనెను. అబ్షాలోమువలె కేశములను తూచుకొన్నవాడు కాడు గాని, వానిని విడుచుట కాయన హృదయము కొంత నొచ్చెను. ఇంటి పనికత్తెలు విగ్గు బాగుగనే యున్నదనిరి. అయినను యజమానుని జుట్టు పోయినందుకు మిక్కిలి విచారించిరి. ఆ విగ్గు వెల 3 పౌన్లు. కత్తిరించిన జుట్టును చాప్మను తీసికొనిపోయి దానితో రెండవ విగ్గు చేసి తెచ్చెను. రెండింటికిని కలిపి 4 పౌన్ల 1 షిల్లింగు 6 పెన్నీలాయెను. అవి రెండేండ్లు వచ్చునని వాడు చెప్పెను, పీప్సు నమ్మలేదు.

ఆ నెల 8వ తేదీ ఆదివారమున ఆయన విగ్గుతో దేవాలయమునకు పోయెను. సభయంతయు తనవైపు తిరిగి చూచునని భయపడుచు ప్రవేశించెను. ఎవ్వరును అట్లు చూడలేదు. క్రొత్త చొక్కా తొడుగుకొని వచ్చిన దినమున తరగతి యంతయు తమనే చూచుచున్నదని తలంచు బాలురను మేము ప్రతి సంవత్సరము చూచుచున్నాము గనుక ఈ ఘట్టము మాకు మిక్కిలి ప్రియమైనది.

1664లో మంగలి చేసియిచ్చిన యొక విగ్గులో ఈపులుండెను. దానిని శుభ్రపరచుటకు మరల వానికే యియ్యవలసివచ్చి పీప్సు మండిపడెను. మఱుసటి సంవత్సరము ఇంతకంటె ఘోరమైన భయము పుట్టెను. ప్లేగుచే ఆ యేడు లండనులో 68,596 మంది మరణించినట్లు అధికార పట్టికలలో నున్నది. వెస్టుమినిస్టరులో వ్యాధి యున్నప్పుడు కొన్న యొక క్రొత్త విగ్గు ఆయన యింట నుండెను. చాలకాలము దానిని ముట్టుటకు ధైర్యము చాలలేదు. విగ్గునకు కావలసిన వెండ్రుకలు ఏదో యొక తలనుండి రావలెను గదా! అది ప్లేగుచే చచ్చినవారి తలయైనచో? ఇకమీదట జనులెవ్వరును విగ్గులు కొనరేమో యని ఆయన తలపోసెను. అట్లు తలపోసిన సెప్టెంబరు 3వ తేదీననే, రంగుపట్టు దుస్తులతో ఆ విగ్గును ధరించెను. భయమును వేషమును రెండును ఒక్కనాటి పుటలోనే వ్రాసికొనెను.

భార్య విషయమున మాత్రము ఆయన న్యాయముగా ప్రవర్తింపలేదని మేము నిస్సంశయముగా చెప్పుదుము. 1662లో ఆమె మన స్త్రీల సవరమువంటి కేశములు పెట్టుకొన్నపుడు, అవి ఆమె సొంత జుట్టుతో చేసినవి గనుకనే సహించితినని వ్రాసెను. 1667 మార్చిలో తనకు మాత్రము 4 పౌన్ల 10 షిల్లింగులకు రెండు విగ్గులు కొనెను. అవి తనకు తగినదానికంటె మిక్కిలి సొగసైనవని తోచినను కొనెను. ఆరు వారములైన పిమ్మట ఎలిజబెత్తు తెల్లని కృత్రిమ కేశములు పెట్టుకొనగా దేవుని పేరట ఒట్లు పెట్టి, పిడికిలి బిగించెను. మఱునాడు ఆమె తన గౌనునకు లేసు కొనుటకు సొమ్ము పుచ్చుకొని, ఆయన బ్రదికినంతకాలము అవి పెట్టుకొననని మాట యిచ్చెను. తన దోషమును క్షమింపుమని దేవుని వేడినట్లు ఆయనయే వ్రాసియున్నాడు. ఈ పత్రికలో వ్రాయదగని యితర దోషములును ఆ దినచర్యలో కలవు. వానిని ఆయన దాచలేదు.

కన్నులు చెడిపోవుచున్నవని భయపడి 1669 మే 31వ తేదీన దినచర్యను మానెను. ఆ నవంబరులోనే ఎలిజబెత్తు మరణించెను. ఆయన 1673లో నౌకాదళ కార్యదర్శి యాయెను. 1679లో కొంతకాలము లండను కోటలో ఖైదీగా నుండెను. 1684లో రాయల్ సొసైటీకి అధ్యక్షుడై, న్యూటను రచించిన ప్రసిద్ధ గ్రంథమును అచ్చువేయ ననుమతి నిచ్చెను. 1703 మే 26వ తేదీన కీర్తిశేషుడాయెను.

ఆయన గ్రంథములు సుమారు 3,000 మాగ్డలీను కళాశాలకు చేరినవి. పొట్టి పుస్తకముల పైయంచులు ప్రక్కవానితో సమముగా నుండుటకై వాని క్రింద కొయ్యదిమ్మలు పెట్టించియుండెను. సంక్షిప్తలిపిలో వ్రాసిన ఆ దినచర్యయు వానితోడనే యుండెను. జాన్ స్మిత్ అను విద్యార్థి 1819 మొదలు మూడేండ్లు శ్రమపడి దానిని చదివి వ్రాసెను. 1825లో కొంత భాగము మొదటిసారి అచ్చయ్యెను.